కాలిఫోర్నియాలో ఎల్‌ఎల్‌సీ ఉందా? రెండేళ్లకోసారి వెయ్యాల్సిన స్టేట్‌మెంట్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ సంగతి

“అన్నయ్యా, ఈ 250 డాలర్లు దేనికి కట్టమంటున్నారు?” అని మా తోడల్లుడు ఫోన్ చేసినప్పుడు నేను ఫ్రీమాంట్‌లో కాస్ట్‌కో పార్కింగ్‌లో బియ్యం బస్తా డిక్కీలోకి ఎత్తుతున్నాను. మా ఇద్దరికీ కలిపి ఒక చిన్న కేటరింగ్ ఎల్‌ఎల్‌సీ (లిమిటెడ్ లయబిలిటీ కంపెనీ) ఉంది. 2019 సెప్టెంబర్‌లో పెట్టాం. దాని టాక్స్ కాగితాలు వాళ్లింటి అడ్రసుకు వెళ్తాయి. స్టేట్ రికార్డులో మాత్రం మా పాత అపార్ట్‌మెంట్ అడ్రసు ఉంది. 2020లో మేము ఇల్లు మారాం, పోస్టాఫీసులో ఫార్వర్డింగ్ పెట్టాం. అది ఏడాదితో అయిపోయింది. 2021లో స్టేట్ పంపిన రిమైండర్ ఎవరి చేతిలో పడిందో దేవుడికే తెలియాలి. చివరికి జరిమానా బిల్లు మాత్రం టాక్స్ అడ్రసు వెతుక్కుంటూ సరిగ్గా వాళ్లింటికి చేరింది.

ఎగ్గొట్టిన ఫీజు ఎంతో తెలుసా? 20 డాలర్లు. పట్టే టైము పది నిమిషాలు. ఆ రోజు నుంచి మా స్నేహితుల్లో ఎవరు ఎల్‌ఎల్‌సీ పెట్టినా “స్టేట్‌మెంట్ వేశారా?” అని అడగడం నాకు అలవాటైపోయింది. సగం మంది “అదేంటి? సీపీఏ చూసుకుంటాడుగా” అంటారు. చాలామంది సీపీఏలు, అంటే మన టాక్స్ లెక్కలు చూసే అకౌంటెంట్లు, ఇది చూసుకోరు. ఇది టాక్స్ రిటర్న్ కాదు కాబట్టి, మీరు ప్రత్యేకంగా చెప్పి డబ్బు కడితే తప్ప అది వాళ్ల పనిలోకి రాదు.

అసలు ఇదేమిటి

కంపెనీ ఎక్కడుంది, ఎవరు నడుపుతున్నారు, కోర్టు కాగితాలు ఎవరికి ఇవ్వాలి అన్న మూడు విషయాలను తాజాగా ఉంచడానికి కాలిఫోర్నియా సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు తీసుకునే ఫారం ఇది. పేరు స్టేట్‌మెంట్ ఆఫ్ ఇన్ఫర్మేషన్, పాత కాగితం ఫారం నంబరు ఎల్‌ఎల్‌సీ-12. ఇందులో లాభనష్టాలు రాయక్కర్లేదు, బ్యాంకు వివరాలు అడగరు, సోషల్ సెక్యూరిటీ నంబరు అడగరు. ఎవరైనా అడిగితే మీరు వేరే సైటులో ఉన్నారని అర్థం.

కాలిఫోర్నియాలో పుట్టిన ఎల్‌ఎల్‌సీలే కాదు, డెలావేర్‌లోనో వయోమింగ్‌లోనో పెట్టి ఇక్కడ రిజిస్టర్ చేయించిన ఎల్‌ఎల్‌సీలు కూడా వెయ్యాలి. వ్యాపారం ఏమీ జరగకపోయినా, అకౌంట్‌లో సున్నా ఉన్నా వెయ్యాల్సిందే. అద్దె ఇంటి కోసం పెట్టుకున్న ఎల్‌ఎల్‌సీ, కన్సల్టింగ్ కోసం పెట్టుకుని మరిచిపోయిన ఎల్‌ఎల్‌సీ, అన్నిటికీ ఒకటే రూలు.

ఫీజు, గడువు కంపెనీ రకాన్ని బట్టి మారతాయి. ఎల్‌ఎల్‌సీకి రెండేళ్లకోసారి 20 డాలర్లు. మామూలు కార్పొరేషన్ అయితే ఏటా 25 డాలర్లు. నాన్‌ప్రాఫిట్ కార్పొరేషన్‌కి రెండేళ్లకోసారి 20. చివరిది ఎందుకు చెబుతున్నానంటే, ఊరూరా ఉన్న మన తెలుగు సంఘాల్లో చాలావాటికి ఇదే వర్తిస్తుంది. కార్యవర్గం మారినప్పుడల్లా పాత ప్రెసిడెంటు ఇంటి అడ్రసే రికార్డులో ఉండిపోతుంది. ఆయన ఈలోగా డాలస్ వెళ్లిపోయి ఉంటాడు. సంఘం పనులు చూసేవాళ్లు ఉగాది వంటకాల లిస్టుతో పాటు ఇదీ ఒకసారి చూసుకోండి.

తేదీ లెక్క: అందరూ తప్పేది ఇక్కడే

మొదటి స్టేట్‌మెంట్ కంపెనీ రిజిస్టరైన రోజు నుంచి 90 రోజుల్లోపు వెయ్యాలి. ఆ తర్వాత రెండేళ్లకోసారి, రిజిస్టరైన నెల ముగిసేలోపు. తేదీ కాదు, నెల. అంటే ఆ నెల ఆఖరి రోజు దాకా టైముంటుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీ ఎల్‌ఎల్‌సీ 2023 మార్చి 14న రిజిస్టరైంది. మొదటిది 2023 జూన్ 12 లోపు. తర్వాతది 2025 మార్చి 31 లోపు. ఆపైన 2027 మార్చి 31. బేసి సంవత్సరంలో పుట్టిన ఎల్‌ఎల్‌సీకి ఎప్పుడూ బేసి సంవత్సరంలోనే వస్తుంది, సరి సంవత్సరంలో పుట్టినదానికి సరి సంవత్సరంలోనే. గుర్తుపెట్టుకోవడానికి ఇంతకన్నా తేలిక లెక్క లేదు.

ఇక్కడ రెండు మెలికలున్నాయి.

మొదటిది, మొదటి స్టేట్‌మెంట్ వేసిన తేదీ నుంచి రెండేళ్లు లెక్కపెట్టడం. జూన్‌లో వేశాం కాబట్టి మళ్లీ జూన్‌లో అనుకుంటారు. అప్పటికి మార్చి దాటి మూడు నెలలవుతుంది. లెక్క ఎప్పుడూ రిజిస్ట్రేషన్ నెల నుంచే. స్టేట్‌మెంట్ ఎప్పుడు వేశారన్నదానితో పనిలేదు.

రెండోది ఇంకా మెలిక. గడువుకు ముందు వెయ్యొచ్చు, కానీ మరీ ముందు వేస్తే లెక్కలోకి రాదు. రిజిస్ట్రేషన్ నెల, దానికి ముందు ఐదు నెలలు, మొత్తం ఆరు నెలల కిటికీ ఉంటుంది. పై ఉదాహరణలో 2024 అక్టోబర్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు. 2024 ఆగస్టులో ఇల్లు మారి, అడ్రసు మార్చడానికి ఒక స్టేట్‌మెంట్ వేశారనుకోండి. అది మార్పు కింద తీసుకుంటారు, దానికి ఫీజు కూడా ఉండదు. “ఆగస్టులో వేశాంగా” అని మార్చిని వదిలేస్తే మాత్రం మీరు వెయ్యనట్టే. మా స్నేహితుడొకడు సరిగ్గా ఇలాగే బుక్కయ్యాడు. చేతిలో రసీదు ఉంది, అయినా రికార్డులో గడువు దాటినట్టు చూపిస్తోంది. వాడి అయోమయం నాకు ఇప్పటికీ గుర్తే.

మీ గడువు ఎప్పుడో లెక్కపెట్టుకోలేకపోతే స్టేట్ సైటే చెబుతుంది. అది కింద వస్తుంది.

మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

ఎక్కువ అక్కర్లేదు. కంపెనీ సరైన పేరు లేదా ఎంటిటీ నంబరు, క్రితంసారి వేసిన స్టేట్‌మెంట్ కాపీ, మీ ఆపరేటింగ్ అగ్రిమెంట్ (కంపెనీ ఎలా నడపాలో భాగస్వాములు రాసుకున్న ఒప్పందం), క్రెడిట్ కార్డు. అగ్రిమెంట్ ఎందుకంటే, కంపెనీని మేనేజర్లు నడుపుతున్నారా లేక మెంబర్లే, అంటే వాటాదారులే, నడుపుతున్నారా అని ఫారం అడుగుతుంది. పెట్టినప్పుడు ఏం రాసుకున్నారో చాలామందికి గుర్తుండదు.

మొదటి అడుగు: మీ రికార్డు ఎలా ఉందో చూడండి

స్టేట్ సైటు పేరు బిజ్‌ఫైల్ ఆన్‌లైన్. గూగుల్‌లో వెతికితే పైన వచ్చే ప్రకటనలు నొక్కకండి. అచ్చం గవర్నమెంటు సైటులా కనిపించే ప్రైవేటు సైట్లు ఉంటాయి. అడ్రసు చివర సీఏ డాట్ గవ్ ఉందో లేదో చూసుకోండి.

లాగిన్ లేకుండానే బిజినెస్ సెర్చ్ వాడొచ్చు. మీ కంపెనీ పేరు కొట్టి దాని మీద నొక్కితే పక్కన ఒక పట్టీ తెరుచుకుంటుంది. రిజిస్టరైన తేదీ, స్టేటస్, ప్రిన్సిపల్ అడ్రసు, మెయిలింగ్ అడ్రసు, ఏజెంట్ పేరు అన్నీ ఉంటాయి. వాటి మధ్యలో స్టేట్‌మెంట్ గడువు తేదీ కూడా ఉంటుంది. ఇదే మీకు కావాల్సింది. స్టాండింగ్ కింద సెక్రటరీ ఆఫ్ స్టేట్‌కి ఒక లైను, స్టేట్ టాక్సులు చూసే ఫ్రాంచైజ్ టాక్స్ బోర్డుకి ఒక లైను, ఏజెంట్‌కి ఒక లైను కనిపిస్తాయి. అన్నిట్లో ‘గుడ్’ అని ఉంటే హాయిగా ఊపిరి పీల్చుకోండి. ఎక్కడైనా ‘నాట్ గుడ్’ అని ఉంటే కింద ఆలస్యం గురించి రాసిన భాగం ముందు చదవండి.

అక్కడే హిస్టరీలోకి వెళ్తే క్రితంసారి వేసిన స్టేట్‌మెంట్ పీడీఎఫ్ ఫ్రీగా దొరుకుతుంది. దించుకుని పక్కన తెరిచి పెట్టుకోండి. కొత్తది నింపేటప్పుడు ఏది మారింది, ఏది మారలేదు అన్నది దాన్ని చూసే తేల్చుకోవచ్చు.

నేను ఈ పని మొదటిసారి చేసినప్పుడు మా పాత అపార్ట్‌మెంట్ నంబరు తెరమీద కనిపించింది. యూనిట్ 214. మేం ఖాళీ చేసి అప్పటికి ఏడాదిన్నర దాటింది. కోర్టు నోటీసు ఏదైనా వచ్చి ఉంటే ఆ 214లో కొత్తగా దిగినవాళ్లకు అందేది.

రెండో అడుగు: అకౌంట్, ఫారం

ఫారం వెయ్యాలంటే ఈమెయిల్‌తో అకౌంట్ కావాలి. పెట్టుకోవడం ఫ్రీ. కంపెనీ పనులన్నిటికీ ఒకే ఈమెయిల్ వాడండి, ఆఫీసు ఈమెయిల్ వాడకండి. ఉద్యోగం మారితే అది పోతుంది. లాగినయ్యాక ఫారాల్లో ఎల్‌ఎల్‌సీకి సంబంధించిన స్టేట్‌మెంట్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ ఎంచుకుని, మీ కంపెనీ పేరు వెతికి పట్టుకోవాలి. కార్పొరేషన్‌ది వేరే ఫారం, పొరపాటున అది తెరవకండి.

కాగితం మీద నింపి శాక్రమెంటోకి పోస్టు చేసే దారి కూడా ఉంది. నా మాట వింటే ఆ జోలికి పోవద్దు. అది చేరిందో లేదో తెలియక టెన్షన్ పడటం తప్ప లాభం లేదు.

మూడో అడుగు: అడ్రసులు

ప్రిన్సిపల్ ఆఫీసు అడ్రసుకి అసలైన వీధి అడ్రసు కావాలి, పీఓ బాక్సు ఒప్పుకోరు. అది కాలిఫోర్నియాలోనే ఉండాలని లేదు. హైదరాబాద్‌లో కూర్చుని ఇక్కడి ఎల్‌ఎల్‌సీ నడిపేవాళ్లు అక్కడి అడ్రసు ఇవ్వొచ్చు. ప్రిన్సిపల్ ఆఫీసు కాలిఫోర్నియా బయట ఉండి, ఇక్కడ కూడా ఒక ఆఫీసు ఉంటే దాని అడ్రసు విడిగా అడుగుతారు. మెయిలింగ్ అడ్రసుకి మాత్రం పీఓ బాక్సు పెట్టుకోవచ్చు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఈ అడ్రసులన్నీ పబ్లిక్. ఎవరైనా మీ కంపెనీ పేరు కొడితే మీ ఇంటి అడ్రసు కనిపిస్తుంది. చాలామంది ఇల్లే ఆఫీసుగా పెట్టుకుంటారు కాబట్టి వేరే దారి ఉండదు, మాదీ అంతే. ఇంటి అడ్రసు బయట పడటం ఇష్టం లేకపోతే వేరే ఆఫీసు అడ్రసు ముందే చూసుకోండి. ఒకసారి వేశాక పాత పీడీఎఫ్ హిస్టరీలో ఉండిపోతుంది. తర్వాత అడ్రసు మార్చినా ఆ కాగితం పోదు.

నాలుగో అడుగు: ఏజెంట్

ఎవరైనా కంపెనీ మీద కేసు వేస్తే ఆ కాగితాలు అందుకునే మనిషి ఏజెంట్ ఫర్ సర్వీస్ ఆఫ్ ప్రాసెస్. కాలిఫోర్నియాలో ఉండేవాడై ఉండాలి, ఇక్కడి వీధి అడ్రసు ఇవ్వాలి. మీరే ఉండొచ్చు, మీ ఆవిడ ఉండొచ్చు, స్నేహితుడు ఉండొచ్చు. కానీ ఎల్‌ఎల్‌సీ తనకు తానే ఏజెంటుగా ఉండటానికి లేదు. డబ్బు తీసుకుని ఈ పని చేసే రిజిస్టర్డ్ కార్పొరేట్ ఏజెంట్లు ఉంటారు. వాళ్లయితే లిస్టులోంచి పేరు ఎంచుకుంటే చాలు, అడ్రసు రాయక్కర్లేదు.

స్నేహితుణ్ని పెడితే ముందు అడిగి పెట్టండి. ఫారంలో పేరు రాయడం తేలికే, కానీ అతని ఇంటి తలుపు ముందు ప్రాసెస్ సర్వర్ కాగితాలు పట్టుకుని నిలబడితే ఆ స్నేహం ఏమవుతుందో చెప్పలేం. కాలిఫోర్నియా వదిలి టెక్సస్‌కో నార్త్ కరోలినాకో వెళ్లిపోయినవాళ్లు ఇంకా తామే ఏజెంటుగా ఉండిపోవడం నేను చూసిన మరో తరచు పొరపాటు. ఇల్లు అద్దెకిచ్చి వెళ్తారు, ఎల్‌ఎల్‌సీ ఇక్కడే ఉంటుంది, ఏజెంట్ పేరు మాత్రం మారదు. అప్పుడు కేసు వేసినా మీకు తెలియదు, మీరు రాలేదని కోర్టు ఏకపక్షంగా తీర్పు ఇచ్చేస్తుంది.

ఐదో అడుగు: ఎవరు నడుపుతున్నారు

మేనేజర్లు ఉంటే ప్రతి మేనేజర్ పేరు, అడ్రసు. మేనేజర్లను పెట్టుకోకపోతే ప్రతి మెంబర్ పేరు, అడ్రసు. సీఈఓ అని ఎవరినైనా పెట్టుకుంటే ఆ పేరూ అడుగుతారు, లేకపోతే వదిలెయ్యొచ్చు. మా కేటరింగ్‌లో సీఈఓ ఎవరూ లేరు. ఉంటే ఆ పదవి మా తోడల్లుడి సాంబారుకి దక్కాలి.

మన పేర్ల గొడవ ఇక్కడే వస్తుంది. ఇంటిపేరు ముందా వెనకా అన్న గొడవ ఎప్పటికీ తీరేది కాదు. పాస్‌పోర్టులో ఒకలా, డ్రైవింగ్ లైసెన్సులో ఇంకోలా ఉన్నవాళ్లు ఎంతమంది! పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, ఇక్కడ లైసెన్సులో పేరుకు ముందు ‘ఎఫ్‌ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదు) అని పడినవాళ్లూ ఉన్నారు. ఫారం మొదటి పేరు, మధ్య పేరు, చివరి పేరు అని విడిగా అడుగుతుంది. నా సలహా ఒక్కటే. బ్యాంకులో ఏ పేరు ఉందో, ఆపరేటింగ్ అగ్రిమెంట్‌లో ఏ పేరుందో అదే ఇక్కడా రాయండి. ఎందుకంటే కంపెనీ పేరున బ్యాంకు అకౌంట్ తెరవడానికి వెళ్తే మొదట అడిగే కాగితాల్లో ఈ స్టేట్‌మెంట్ ఒకటి. అందులో ‘వెంకట సాయి’ ముందుండి, లైసెన్సులో వెనకుంటే కౌంటర్ దగ్గర అమ్మాయి మేనేజర్ని పిలుస్తుంది. మేనేజర్ ఇంకెవరికో ఫోన్ చేస్తాడు. మీ మధ్యాహ్నం అక్కడే పోతుంది.

ఇంకో మాట. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఎల్‌ఎల్‌సీలో వాటా పెట్టడం వేరు, మేనేజరుగా పేరు రాయించుకోవడం వేరు. ఇది పబ్లిక్ రికార్డు అన్నది గుర్తుంచుకుని, పేరు రాసేముందు ఇమిగ్రేషన్ లాయర్ని ఒకసారి అడగండి. ఈ ప్రశ్నకు వాట్సాప్ గ్రూపులో వచ్చే జవాబును నమ్ముకోవద్దు.

ఆరో అడుగు: చిన్న చిన్న గళ్లు

వ్యాపారం రకం అని ఒక గడి ఉంటుంది. రెండు మూడు మాటలు చాలు. ‘కేటరింగ్’, ‘అద్దె ఇళ్లు’, ‘సాఫ్ట్‌వేర్ కన్సల్టింగ్’ అనేదాన్ని ఇంగ్లీషులో రాయండి.

తర్వాత ఒక ప్రశ్న వస్తుంది, 2022 నుంచి వచ్చిందిది. మెంబర్లలో గానీ మేనేజర్లలో గానీ ఎవరి మీదైనా జీతాలు ఎగ్గొట్టడం వంటి కార్మిక చట్టాల ఉల్లంఘనకు సంబంధించి లేబర్ కమిషనర్ గానీ కోర్టు గానీ ఇచ్చిన తుది తీర్పు ఇంకా తీర్చకుండా ఉందా, దాని మీద అప్పీలు కూడా నడవట్లేదా అని. చాలామందికి జవాబు లేదు అనే. కానీ ఇంకెవరైనా భాగస్వామి ఉంటే చదివి వినిపించండి. ఆయనకు ముందు ఇంకో రెస్టారెంట్ ఉండేదేమో, ఆ కథ మీకు తెలియకపోవచ్చు.

నోటీసులు ఈమెయిల్‌లో పంపమంటారా అని కూడా అడుగుతారు. పంపమనండి. మా 250 డాలర్ల కథ ఈ ఒక్క టిక్కుతో జరక్కుండా ఉండేది.

ఏడో అడుగు: సంతకం, డబ్బు

చివర్లో పేరు టైప్ చేస్తే అదే సంతకం. రాసినవన్నీ నిజమని, అబద్ధమైతే అబద్ధపు సాక్ష్యం కింద శిక్షకు లోబడతానని ఒప్పుకున్నట్టు లెక్క. సంతకం ఒక్కరు చేస్తే చాలు, మెంబర్లందరూ అక్కర్లేదు. పంపేముందు చూపించే పేజీలో అడ్రసుల స్పెల్లింగ్, అపార్ట్‌మెంట్ నంబర్లు, జిప్ కోడ్ ఒక్కొక్కటీ చూసుకోండి. కార్డుతో 20 డాలర్లు కట్టండి.

ఆమోదించాక కాపీ మీ అకౌంట్‌లోకి వస్తుంది. ఆ పీడీఎఫ్‌ని కంపెనీ ఫోల్డర్‌లో దాచుకోండి, భాగస్వాములకు పంపండి. ఒకట్రెండు రోజులాగి మళ్లీ బిజినెస్ సెర్చ్‌లో మీ పేరు కొట్టి, గడువు తేదీ రెండేళ్లు ముందుకు జరిగిందో లేదో చూడండి. జరగకపోతే మీరు కిటికీకి ముందే వేసి ఉంటారు. రసీదు చూసుకుని మురిసిపోవడం కన్నా ఈ ఒక్క తేదీ చూసుకోవడం మేలు.

మధ్యలో ఏదైనా మారితే

ఇల్లు మారినా, ఏజెంట్ మారినా, మెంబర్ తప్పుకున్నా రెండేళ్ల దాకా ఆగక్కర్లేదు. అదే ఫారం మళ్లీ వెయ్యండి. కిటికీ బయట వేస్తే ఫీజు లేదు. కంపెనీ పేరు మార్చడానికి మాత్రం ఇది పనికిరాదు, దానికి ఆర్టికల్స్ (కంపెనీ పెట్టినప్పుడు స్టేట్‌కి ఇచ్చిన పత్రం) సవరించాలి.

ఆలస్యమైతే ఏమవుతుంది

గడువు దాటిన మర్నాడే జరిమానా పడదు. ముందు సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు బకాయి నోటీసు పంపుతుంది. 60 రోజుల్లో వేస్తే అక్కడితో సరి. అప్పటికీ వెయ్యకపోతే మీ పేరు ఫ్రాంచైజ్ టాక్స్ బోర్డుకి పంపుతారు, 250 డాలర్ల జరిమానా బిల్లు వాళ్ల దగ్గర్నుంచి వస్తుంది. నాన్‌ప్రాఫిట్ సంఘాలకు అది 50 డాలర్లు. అందుకే ఒక ఆఫీసు ఫారానికి ఇంకో ఆఫీసు బిల్లు పంపడం చూసి మా తోడల్లుడు ఎవరో మోసగాళ్లనుకున్నాడు.

జరిమానా వేశాక కూడా పట్టించుకోకుండా గడిపేస్తే కంపెనీ సస్పెండ్ కావచ్చు. బయటి స్టేట్ ఎల్‌ఎల్‌సీ అయితే ‘ఫర్‌ఫీటెడ్’ అంటారు. సస్పెండైన కంపెనీ కోర్టులో కేసు వెయ్యలేదు, తన మీద పడ్డ కేసులో వాదించుకోలేదు. పేరు మీద హక్కు కూడా పోతుంది, ఆ పేరు ఇంకెవరైనా తీసుకోవచ్చు. ఇల్లు అమ్మేటప్పుడో లోను రీఫైనాన్స్ చేసేటప్పుడో టైటిల్ కంపెనీ వాళ్లు స్టేటస్ చూస్తారు. అప్పుడు బయటపడితే సంతకాల రోజు వాయిదా పడుతుంది.

బాగుచేసుకోవడం కష్టం కాదు. స్టేట్‌మెంట్ వెయ్యకపోవడం వల్లే సస్పెండైతే ముందు స్టేట్‌మెంట్ వెయ్యాలి. టాక్స్ కట్టక ఫ్రాంచైజ్ టాక్స్ బోర్డు సస్పెండ్ చేస్తే మాత్రం పాత రిటర్నులు, పాత బకాయిలు అన్నీ తీర్చి రివైవర్‌కి, అంటే కంపెనీని మళ్లీ బతికించమని, దరఖాస్తు పెట్టాలి. అది వేరే పెద్ద తతంగం. రెండూ కలిసి ఉంటే సీపీఏ దగ్గరికి వెళ్లండి, సొంతంగా వద్దు.

సరైన కారణం ఉంటే జరిమానా రద్దు చెయ్యమని సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసునే అడగొచ్చు. ముందు బాకీ ఉన్న స్టేట్‌మెంట్ వేసి, తర్వాత కారణం రాసి పంపాలి. మేం రాశామా అంటే, లేదు. అడ్రసు మార్చకపోవడం మా తప్పే, దానికేం కారణం రాస్తాం! 250 కట్టి ఊరుకున్నాం.

పోస్టులో వచ్చే దొంగ ఉత్తరాలు

కొత్త ఎల్‌ఎల్‌సీ రిజిస్టరైన కొన్ని వారాల్లో మీకు గవర్నమెంటు ఉత్తరం లాంటిదొకటి వస్తుంది. పైన ముద్ర లాంటి బొమ్మ, మీ ఎంటిటీ నంబరు, గడువు తేదీ, ‘వెంటనే స్పందించండి’ అన్న ఎర్రక్షరాలు. లోపల నూటికి పైగా డాలర్లు అడుగుతారు. ఎంటిటీ నంబరు సరిగ్గా ఉంది కదా అని నమ్మకండి. పైన చెప్పానుగా, అది పబ్లిక్, ఎవరికైనా దొరుకుతుంది. కాస్త చిన్న అక్షరాల్లో ఇది గవర్నమెంటు సంస్థ కాదు అని రాసి ఉంటుంది, అది వెతకండి. ఇలాంటి ఉత్తరాల గురించి సెక్రటరీ ఆఫ్ స్టేట్ సైటులోనే హెచ్చరిక ఉంది. గుర్తు పట్టడానికి తేలిక దారి: ఎల్‌ఎల్‌సీ స్టేట్‌మెంట్ వెయ్యడానికని 20 డాలర్లకు మించి అడిగితే పక్కన పడెయ్యండి.

దీంతో కలిపేసి అయోమయపడే మరికొన్ని

ఫ్రాంచైజ్ టాక్స్ బోర్డుకి ఏటా కట్టే 800 డాలర్లు వేరు. స్టేట్‌మెంట్ వేసినా అది కట్టాలి, అది కట్టినా స్టేట్‌మెంట్ వెయ్యాలి. కాలిఫోర్నియాలో వచ్చిన మొత్తం ఆదాయం 250,000 డాలర్లు చేరితే దాని మీద ఇంకో ఫీజు మొదలవుతుంది, 900 డాలర్ల నుంచి. ఇవన్నీ టాక్స్ వైపు సంగతులు, మీ సీపీఏకి బాగా తెలుసు.

కంపెనీ పేరు కాకుండా షాపుకి వేరే పేరు పెట్టుకుంటే కౌంటీలో రిజిస్టర్ చేసే ఫిక్టీషియస్ బిజినెస్ నేమ్ ఐదేళ్లకోసారి కొత్తగా వెయ్యాలి. సిటీ బిజినెస్ లైసెన్సు మళ్లీ వేరు.

కంపెనీ అసలు యజమానులెవరో చెప్పే బెనిఫీషియల్ ఓనర్‌షిప్ రిపోర్టు గురించి 2024లో అందరూ కంగారు పడ్డారు గుర్తుందా? అది ఫెడరల్‌ది, స్టేట్‌ది కాదు. 2025 మార్చిలో అమెరికాలో పుట్టిన కంపెనీలను దానినుంచి మినహాయించారు. “అది రద్దయిందటగా” అని మన స్టేట్‌మెంట్ కూడా మానేసినవాళ్లు ఉన్నారు. ఇది రద్దవలేదు.

వేరే స్టేట్‌లలో ఉన్నవాళ్లకి రెండు మాటలు

పేరూ గడువూ స్టేటు స్టేటుకీ మారతాయి. టెక్సస్‌లో దీన్ని పబ్లిక్ ఇన్ఫర్మేషన్ రిపోర్టు అంటారు, ఫ్రాంచైజ్ టాక్స్‌తో పాటు మే 15కి అక్కడి టాక్స్ ఆఫీసు కంప్ట్రోలర్‌కి వెళ్తుంది. టాక్స్ కట్టాల్సినంత ఆదాయం లేకపోయినా ఈ రిపోర్టు వెయ్యాలి. న్యూజెర్సీలో ఏటా, రిజిస్టరైన నెలాఖరుకి, 75 డాలర్లు. న్యూయార్క్‌లో రెండేళ్లకోసారి 9 డాలర్లు. ఫ్లోరిడాలో మే 1 దాటితే 400 డాలర్ల ఆలస్య రుసుం, బతిమాలినా తగ్గదు. డెలావేర్ ఎల్‌ఎల్‌సీలకు రిపోర్టు లేదు గానీ జూన్ 1కి 300 డాలర్ల టాక్స్ ఉంటుంది. డెలావేర్‌లో పెట్టి కాలిఫోర్నియాలో వ్యాపారం చేస్తే రెండు చోట్లా కట్టుకోవడమే. “డెలావేర్‌లో చవక” అని ఎవరో చెబితే పెట్టినవాళ్లు ఈ లెక్క తర్వాత చూసుకుంటారు.

ఇక నడపట్లేదంటే

వ్యాపారం ఆపేశాం, ఎల్‌ఎల్‌సీ దానంతటదే పోతుందిలే అనుకోకండి. రద్దు కాగితం వేసేదాకా రికార్డులో అది బతికే ఉంటుంది. స్టేట్‌మెంట్ గడువులు వస్తూనే ఉంటాయి, 800 డాలర్లు ఏటా పేరుకుంటూనే ఉంటాయి. పెట్టి ఏడాది కాలేదు, వ్యాపారం మొదలే పెట్టలేదు, అప్పులు లేవు అంటే ఎల్‌ఎల్‌సీ-4/8 అనే పొట్టి ఫారం ఉంది. లేదంటే మెంబర్లందరూ ఒప్పుకుంటే ఎల్‌ఎల్‌సీ-4/7 ఒక్కటి సరిపోతుంది. అందరూ ఒప్పుకోకపోతే దానికి ముందు ఎల్‌ఎల్‌సీ-3 వెయ్యాలి. రద్దుకి ఫీజు లేదు. ఆఖరి టాక్స్ రిటర్న్ మీద ‘ఫైనల్’ అని టిక్కు పెట్టమని మీ సీపీఏకి చెప్పండి.

మాది మాత్రం నడుస్తోంది. సెప్టెంబర్, బేసి సంవత్సరం. మా తోడల్లుడు ఫ్రిజ్ మీద అంటించాడు, పాల ప్యాకెట్ల లెక్క పక్కన.